పల్లకీలో పుట్టిన ద్విపద

ఎప్పటి మాటో గాని, పొన్నవరం రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. పంటలు బాగా పండే దేశం. శత్రువుల బెడద లేదు. రాజుకు చేయడానికి పెద్దగా పనేమీ లేకపోయింది. అందుచేత ఆయన కవి అయ్యాడు.

తన మీద తానే పన్నెండు ఆశ్వాసాల కావ్యం రాసుకుని, దానికి 'ఉద్దండవిజయం' అని పేరు పెట్టుకున్నాడు. అందులో మొట్టమొదటి మాటే 'ప్రచండదోర్దండమండితారిమండలఖండనోద్దండుడు' అని ఉంటుంది. ఆ మాట పలకడానికి ఒక నిండు ఊపిరి కావాలి. దాని అర్థం తెలిసినవాడు రాజ్యం మొత్తానికి ఒక్కడే, ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజులు. ఆయనకైనా నిజంగా తెలుసో లేదో ఎవరూ అడగలేదు. పద్యం పద్యానికీ తల ఊపి, "ఆహా, ప్రభూ, ఇది దేవతలు వినవలసిన కవిత్వం" అనేవాడు. రాజు మురిసిపోయేవాడు.

ఆ కొలువులో తిప్పన అని ఒక చదువరి ఉండేవాడు. మంచి కంఠం, అంతకంటే మంచి నవ్వుముఖం. రోజూ సాయంత్రం సభలో కావ్యం చదివి వినిపించడం అతని ఉద్యోగం. అతను చదువుతుంటే మంత్రి కళ్లు మూసుకుని వినేవాడు. సేనాపతి గురక పెట్టకుండా నిద్రపోవడం అభ్యాసం చేశాడు. చదవడం పూర్తయ్యాక అందరూ ఉలిక్కిపడి లేచి భేష్ అనేవారు.

తిప్పన ఇల్లు రాజుగారి ధాన్యపు కొట్టు పక్కనే. ఒకనాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తన కోసమని ఏవో పాత పద్యాలు చదువుకుంటున్నాడు. కొట్టులో వడ్లు దంచే ఆడవాళ్ల రోకళ్లు మెల్లమెల్లగా అతని పద్యంతో కలిసి పడడం మొదలుపెట్టాయి. అతను ఆపితే రోకళ్లు తడబడ్డాయి. మళ్లీ అందుకుంటే కుదురుకున్నాయి.

"ఆపకండి అయ్యా, చేతులకు బరువు తెలియడం లేదు" అని లోపలి నుంచి ఒకావిడ కేకేసింది. ఆవిడ పేరు గురవమ్మ. దంపుడువాళ్లందరికీ పెద్ద.

ఆనాటి నుంచి తిప్పన రోజూ పొద్దున అక్కడ కూర్చుని చదివేవాడు. ఆడవాళ్లు విన్నది విన్నట్టు పట్టుకునేవారు. వాళ్ల నోటి నుంచి బండ్లవాళ్లకూ, వాళ్ల నుంచి బావుల దగ్గర మోట తోలేవాళ్లకూ, అక్కడి నుంచి పల్లకీ బోయీలకూ పద్యాలు పాకాయి. ఏ పద్యం ఏ పనికి కుదురుతుందో ఎవరికి వారే చూసుకున్నారు. తిప్పనకు ఒక సంగతి అర్థమైంది. కొలువులో చదివిన పద్యం గోడకు తగిలి తిరిగి తన దగ్గరికే వచ్చేది. ఇక్కడ చదివింది మాత్రం మనుషుల చేతుల్లోకి దిగిపోయేది. అతనికి ఏళ్ల తరబడి చదువుతున్నా రుచించని పద్యాలు కూడా, గురవమ్మ నోట రోకటి పోటుతో వింటే కొత్తగా ఉండేవి.

ఇలా ఉండగా ఒకరోజు ఉద్దండరాయుడు గుర్రమెక్కి ధాన్యపు కొట్టు పక్కగా వెళుతున్నాడు. వెంట సోమయాజులు ఉన్నాడు. లోపలి నుంచి పద్యం వినబడింది. రాజు గుర్రాన్ని ఆపాడు.

"సోమయాజులవారూ, విన్నారా? నా కావ్యం దంపుడువాళ్ల దాకా వచ్చింది."

చెవి పెట్టి వింటే పద్యం ఇలా ఉంది:

జొన్నచేలో వాలు సోకైన పిట్ట
మిన్నకే తినిపోతె మిగిలేది పొట్టు

రాజు ముఖం మారింది. గురవమ్మను పిలిపించాడు.

"ఎవరిదీ పద్యం?"

"ఎవరిదో తెలియదు దొరా. మంచిదని పాడుకుంటున్నాం."

"నా 'ఉద్దండవిజయం' ఎందుకు పాడుకోవడం లేదు?"

గురవమ్మకు అబద్ధమాడడం చేతకాదు. "పాడి చూశాం దొరా. మొదటి మాట పూర్తయ్యేసరికి రోకలి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతోంది. నిన్న ఒకమ్మాయికి భుజం పట్టేసింది" అంది.

రాజు గుర్రాన్ని తిప్పాడు. దారిలో సోమయాజులు నెమ్మదిగా అందుకున్నాడు. "ప్రభూ, తప్పు తమ కావ్యానిది కాదు. కవిత్వం కొలువులో ఉండవలసినది. ఊకలోనూ చెమటలోనూ తిరిగితే మైలపడుతుంది. దాన్ని కట్టడి చేయడం తమ ధర్మం."

మర్నాడు దండోరా పడింది. ఇకమీదట కొలువులో తప్ప మరెక్కడా ఎవరూ పద్యం పలకరాదు. పని చేసుకుంటూ పద్యం పలికినవాడి పనిముట్టు జప్తు చేయబడుతుంది. పలికింది ఎవరైనా సరే, మినహాయింపు లేదు. ఈ చివరి మాట సోమయాజులు పట్టుబట్టి చేర్పించినది. అలా అంటేనే శాసనానికి గాంభీర్యం వస్తుందని ఆయన అభిప్రాయం.

నాలుకకు పడిన అలవాటు దండోరాకు పోతుందా? తలారులు వీధివీధీ తిరిగి రోకళ్లు పట్టుకుపోయారు. కవ్వాలు పట్టుకుపోయారు. కుమ్మరి సారె, నేతగాడి నాడె, మంగలి పొది, అన్నీ కోటలో ఒక గదిలో కుప్పబడ్డాయి. మిగిలినవాళ్లు భయపడి నోరు కట్టుకున్నారు. ఊరంతా చావింటిలా తయారైంది.

గురవమ్మ తిప్పన ఇంటికి వచ్చింది. కోపంగా లేదు, అదే అతనికి మరింత కష్టంగా తోచింది.

"అయ్యా, పద్యం మీరు చెప్పారు. పోయింది నా రోకలి. మా అమ్మ చేతిది. కొట్టులో రేపటి నుంచి వేరేవాళ్లను పెట్టుకుంటారట. నన్ను ఏం చెయ్యమంటారు?"

తిప్పనకు ఆ పూట అన్నం సయించలేదు. "నాలుగు రోజులు ఓపిక పట్టు గురవమ్మా. రోకలి తెప్పించే పూచీ నాది" అని పంపించి, నేరుగా కొలువుకు వెళ్లాడు.

"మహాప్రభూ, ఈ శాసనం వల్ల పనులు చెడుతున్నాయి. దయచేసి రద్దు చేయించండి" అని వేడుకున్నాడు.

సోమయాజులు నవ్వాడు. "ఏమోయ్ తిప్పనా, పని చేసేది చెయ్యి. పద్యం పలికేది నోరు. నోరు మూసుకుంటే చెయ్యి పని చేయదా?"

రాజుకు ఆ మాట నచ్చింది. "బాగా అన్నారు. తిప్పనా, పద్యం లేనందువల్ల చెడిన పని ఒక్కటి నా కళ్లకు చూపించు. చూపిస్తే శాసనం రద్దు చేస్తాను. చూపించలేకపోతే నీ చదువరి పని ఊడినట్టే. నీ పుస్తకాలు కూడా ఆ రోకళ్ల గదిలోకే పోతాయి."

"చిత్తం" అన్నాడు తిప్పన.

అదే వారంలో పొరుగున ఉన్న నెమలికోట రాజ్యం నుంచి రాయబారి వస్తున్నాడు. ఏటి ఒడ్డున మండపంలో సింహాసనం వేయించి, రాజు అక్కడే అతనికి స్వాగతం చెప్పాలని ఏర్పాటు. కోట నుంచి ఏటిదాకా పల్లకీలో ఊరేగింపు. దారి మొదట్లో బాగానే ఉంటుంది గాని, మధ్యలో రాళ్ల దిగుడు ఒకటుంది.

ఊరేగింపుకు ముందురోజు తిప్పన బోయీల పెద్ద ఓబులేసు దగ్గరికి వెళ్లాడు.

"ఓబులేసూ, శాసనం వచ్చాక పల్లకీ ఎలా మోస్తున్నారు?"

ఓబులేసు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తమరు కాబట్టి చెబుతున్నా. పెదవి కదపకుండా ముక్కులోనే పాడుకుంటున్నాం సామీ. లేకపోతే ముందువాళ్ల అడుగు వెనకవాళ్లకు అందదు."

"అదీ పద్యమే కదా. రేపు తలారి పక్కనే నడుస్తాడు. ముక్కులో విన్నా పల్లకీ మోసే బొంగు జప్తు చేస్తాడు. బొంగు పోతే మీ బతుకు పోయినట్టే. రేపు మాత్రం శాసనం అక్షరాలా పాటించండి. ముక్కులో కాదు, మనసులో కూడా పాడకండి."

"మరి దిగుడు దగ్గర?"

"దిగుడు దగ్గర రాజుగారి ఆజ్ఞ ఏదో అదే మీకు దారి చూపిస్తుంది" అన్నాడు తిప్పన. నిజానికి ఏం జరుగుతుందో అతనికీ పూర్తిగా తెలియదు. పల్లకీ కుదుపు తింటుందన్నంతవరకే అతని లెక్క.

మర్నాడు సోమయాజులు ముందుగానే మండపానికి వెళ్లి రాయబారితో శాస్త్రచర్చ పెట్టుకున్నాడు. రాజు కిరీటం పెట్టుకుని, హారాలు వేసుకుని పల్లకీ ఎక్కాడు. తిప్పన పక్కన నడుస్తున్నాడు. మరో పక్క తలారి కర్ర పట్టుకుని బోయీల నోళ్లకేసి చూస్తూ నడుస్తున్నాడు.

సమంగా ఉన్న దారిలో పల్లకీ కాస్త ఒరుగుతూ ఒరుగుతూ వెళ్లింది. రాజు సర్దుకుని కూర్చున్నాడు. రాళ్ల దిగుడు వచ్చింది. ముందువాళ్లు దిగితే వెనకవాళ్లు ఆగారు. వెనకవాళ్లు దిగితే ముందువాళ్లు ఆగారు. పల్లకీ ముందుకు వంగి, వెనక్కు లేచి, పక్కకు వాలింది. కిరీటం జారి రాజుగారి ముక్కు మీద కూర్చుంది. హారాలు చెవులకు చుట్టుకున్నాయి. ఆయన రెండు చేతులా పల్లకీ అంచు పట్టుకుని ప్రాణభయంతో కేక పెట్టాడు:

"మెల్లగా నడవండి మీకేమి పిచ్చి
పల్లకీ పడిపోతె పళ్లూడు నాకు"

కేక వినగానే బోయీల కాళ్లు వాటంతటవే ఒక్క అడుగులో పడ్డాయి. పల్లకీ నిలబడింది. నాలుగు అడుగులు హాయిగా సాగింది.

రాజు ఊపిరి పీల్చుకుని ఊరుకున్నాడు. ఆయన ఊరుకోగానే పల్లకీ మళ్లీ ఊగింది. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. పల్లకీ కుదుటపడింది. ఆయన మానేశాడు, అది ఎగిరింది. ఇక ఆయన ఆలోచించలేదు. కిరీటం ముక్కు మీద పెట్టుకునే ఒకే స్వరంతో అందుకున్నాడు. మెల్లగా నడవండి మీకేమి పిచ్చి, పల్లకీ పడిపోతె పళ్లూడు నాకు. దిగుడు పొడుగునా అదే. బోయీలు ఆ తూకానికి అడుగు కలిపి, పూలబుట్ట మోసినట్టు మోసుకుపోయారు.

దారికి రెండు వైపులా నిలబడ్డ జనం నోళ్లు తెరుచుకుని చూశారు. తలారి పద్యం చెవిన పడగానే అలవాటుగా కర్ర ఎత్తాడు. పలికింది ఎవరో చూశాక, కర్రకు ఏదో మట్టి అంటుకున్నట్టు తుడుచుకుంటూ నడిచాడు.

ఏరు దగ్గరకొచ్చేసరికి దారి చదునైంది. రాజు నోరు ఆపి, కిరీటం సర్దుకుని, ఏమీ జరగనట్టు మండపంలోకి వెళ్లి సింహాసనం మీద కూర్చున్నాడు. రాయబారి కానుకలు సమర్పించాడు. కుశలప్రశ్నలు అయ్యాయి. అప్పుడు రాజు తిప్పన వైపు తిరిగి గంభీరంగా అన్నాడు.

"చూశావా తిప్పనా? బోయీలు ఒక్క పద్యం పలకలేదు. పల్లకీ ఏటిదాకా రానే వచ్చింది. నువ్వు ఓడిపోయావు."

"చిత్తం మహాప్రభూ. నా ఓటమి సంగతి తర్వాత విన్నవించుకుంటాను. ముందు ఒక నేరం ఏలినవారి దృష్టికి తేవాలి. ఇవాళ నడివీధిలో ఒకరు తమ ఉద్యోగం చేసుకుంటూ పద్యం పలికారు. పలకడం ఒకసారి కాదు, దిగుడు మొదలు నుంచి చివరిదాకా."

రాజు దగ్గాడు. ఆయన ఇంకేదో మాట ఎత్తేలోపు సోమయాజులు లేచాడు.

"దండోరా వేసినా ఇంత పొగరా? ఏది, ఆ పద్యం చదువు. నిజంగా పద్యమో కాదో నేను తేలుస్తాను."

తిప్పన చేతులు కట్టుకుని, భక్తిగా, కొలువులో కావ్యం చదివినట్టే చదివాడు. బోయీలు నేల చూపులు చూస్తున్నారు. తలారి ఏటి వైపు చూస్తున్నాడు. సోమయాజులు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టాడు. కళ్లు మూసుకుని ప్రాస చూశాడు. యతి చూశాడు.

"ద్విపద. లక్షణం ఎక్కడా చెడలేదు. మెల్లకు మీకేమి, పల్లకీకి పళ్లు, యతి సరిగ్గా కూర్చున్నాయి. పద్యమే, సందేహం లేదు. కాని విషయం ఎంత నీచం. పళ్లూడడమట. రాసినవాడు ఎవడో పిరికివాడూ మూర్ఖుడూ అయి ఉండాలి. వాడి పనిముట్టు ఈ క్షణమే జప్తు చేయించండి ప్రభూ."

"ఆ పనిముట్టు కాస్త పెద్దది సోమయాజులవారూ. మోయడానికి చాలామంది కావాలి" అన్నాడు తిప్పన.

"ఎంత పెద్దదైతేనేం. నాగలా, రథమా?"

"నాలుగు కాళ్లుంటాయి. కాళ్లకు సింహం తలలుంటాయి. ప్రస్తుతం దాని మీద మహాప్రభువులు కూర్చుని ఉన్నారు."

సోమయాజులు సింహాసనం కాళ్లు చూశాడు. అక్కడి నుంచి చూపు పైకి పోనివ్వడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"ప్రభూ," అన్నాడు, "నేను తొందరపడ్డాను. అది పద్యం కానే కాదు. ఉత్త మాట."

"అంటే," అన్నాడు తిప్పన వినయంగా, "మహాప్రభువుల నోట వచ్చిన ద్విపదను ఇంతమంది ముందు పద్యం కాదంటున్నారా?"

"కాదు, కాదు. పద్యమే. ఉత్తమమైన పద్యం."

"అయితే సింహాసనం జప్తు చేయమంటారా? బోయీలను పిలవనా?"

సోమయాజులు కండువాతో నుదురు తుడుచుకుని కూలబడ్డాడు.

రాజు ముఖం ఎర్రబడింది. తిప్పన వైపు గుచ్చి చూశాడు. తిప్పన తల వంచుకుని నిలబడ్డాడు. తన పుస్తకాలూ గురవమ్మ రోకలీ రెండూ ఆ చూపులోనే వేలాడుతున్నాయని అతనికి తెలుసు.

"ఇదంతా నువ్వు పన్నిన పన్నాగమా?" అని రాజు అడిగాడు.

"కుదుపు వరకే నా పన్నాగం మహాప్రభూ. పద్యం తమదే. నేను ఇన్నాళ్లుగా కొలువులో ఎన్నో పద్యాలు చదివాను. వినగానే ఇంతమంది కాళ్లు కదిలించిన పద్యం ఇదొక్కటే. ఇది లేకపోతే తమరు ఇవాళ ఈ మండపానికి వచ్చేవారు కారు, ఏ రాళ్ల మీదో ఉండేవారు. పద్యం లేనందువల్ల చెడే పని చూపించమన్నారు. తమరే అందులో కూర్చుని చూశారు."

రాయబారి అంతవరకూ నవ్వు ఆపుకుని ఉన్నాడు. "ప్రభూ, మా రాజ్యంలోనూ బోయీలున్నారు. అనుమతిస్తే ఆ ద్విపద రాసుకుపోతాను" అన్నాడు.

రాజు మీసం కదిలింది. ఆయన 'ఉద్దండవిజయం' రాసిన ఇన్నేళ్లలో దాన్ని రాసుకుపోతానన్నవాడు ఒక్కడూ లేడు. ముందు ముక్కులో నవ్వాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వగానే సభ నవ్వింది, బోయీలు నవ్వారు, తలారి కూడా కర్ర కింద పెట్టి నవ్వాడు.

"పళ్లూడు నాకు, పళ్లూడు నాకు" అని రాజు తనలో తాను అనుకుని, మళ్లీ నవ్వాడు. "తిప్పనా, భయంలో వచ్చిన మాట ఇంత బాగుంటుందని తెలియక, ధైర్యం మీద పన్నెండు ఆశ్వాసాలు రాశాను."

శాసనం అక్కడికక్కడే రద్దయింది. జప్తు చేసిన పనిముట్లన్నీ సాయంత్రంలోగా ఎవరివి వాళ్ల ఇళ్లకు చేర్చమని తలారికి ఆజ్ఞ అయింది. రాజు తన భుజం మీది శాలువా తీసి తిప్పనకు కప్పి, చేతి కంకణం తొడిగాడు. "ఇకమీదట పొద్దుటిపూట ధాన్యపు కొట్టు దగ్గర చదవడం కూడా నీ ఉద్యోగంలో భాగమే. జీతం పెంచుతున్నాను" అన్నాడు.

తర్వాత సోమయాజుల వైపు తిరిగాడు. ఆయన ఒక స్తంభం చాటున కనబడకుండా ఉండాలని చూస్తున్నాడు.

"మా పద్యానికి ఇంత నిష్పక్షపాతంగా లక్షణం చెప్పిన పండితులకు సత్కారం చేయకపోతే ఎలా? మేము ఏటి గాలికి కాసేపు ఇక్కడే ఉంటాం. సోమయాజులవారిని మా పల్లకీలో ఇంటికి చేర్చి రండి."

రాజుగారి పల్లకీ ఎక్కడమంటే మామూలు గౌరవం కాదు. సోమయాజులు కాదనలేక ఎక్కాడు. ఓబులేసు బొంగు భుజానికెత్తుకున్నాడు. రాళ్ల దిగుడు ఇప్పుడు ఎగుడై ఎదురుగా కనబడుతోంది. ఓబులేసు వెనక్కి తిరిగి వినయంగా అడిగాడు.

"సోమయాజులవారూ, తమరు శాస్త్రం తెలిసినవారు. కవిత్వం మైలపడకుండా నోరు మూసుకుని మోయమంటారా, పాడుకుంటూ మోయమంటారా?"

సోమయాజులు ఎదుటి రాళ్లకేసి ఒకసారి చూసి, రెండు చేతులా అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"పాడండి నాయనా," అన్నాడు, "కాస్త గట్టిగానే పాడండి."